కప్పింగ్: ఎంత లాగాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు వద్దనాలి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో వ్యాయామం తర్వాత వచ్చే ఒళ్లు నొప్పుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కప్పింగ్ గురించే, అంటే చర్మానికి కప్పు ఆనించి, లోపలి గాలి లాగేసి, చర్మాన్ని పైకి ఎత్తే పద్ధతి గురించే. ఒకే ప్రశ్నను పదిమంది అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: హాఫ్ మారథాన్‌కి సిద్ధమవుతున్నాను. ఆదివారం 18 కిలోమీటర్లు పరిగెత్తితే సోమవారం కన్నా మంగళవారం తొడలు, పిక్కలు ఎక్కువ పట్టేస్తున్నాయి. మెట్లు దిగలేకపోతున్నాను. కప్పులు పెడితే లాక్టిక్ యాసిడ్ మొత్తం లాగేస్తుందని జిమ్ ట్రైనర్ అంటున్నాడు. ఎప్పుడు పెట్టించుకోవాలి? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పరుగు ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి దిగిపోతుంది. మంగళవారం నాటికి లాగేయడానికి అక్కడ ఏమీ మిగలదు. మీ నొప్పికి కారణం వేరు. దిగుడు దారిలో పరిగెత్తేటప్పుడు, ప్రతి అడుగూ నేలకు తాకేటప్పుడు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంది. ఆ పనిలో కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, వాటి చుట్టూ వాపు వస్తుంది. అది 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టంగా ఉండేది కూడా అందుకే.

మరి కప్పు చేసేదేమిటి? మసాజ్‌లో చేయి లోపలికి నొక్కుతుంది. కప్పు చర్మాన్ని, దాని కింది పొరలను పైకి ఎత్తుతుంది. అక్కడ రక్తప్రసరణ పెరుగుతుంది, నొక్కితే పుట్టే నొప్పి కొన్ని గంటల పాటు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు తగ్గుతుంది, కీలు కాస్త తేలిగ్గా తిరుగుతుంది. దెబ్బతిన్న పోగులు త్వరగా అతుక్కుంటాయని చెప్పడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. క్రీడాకారుల మీద జరిగిన 11 ప్రయోగాలను, మొత్తం 498 మందిని, 2018లో ఒక సమీక్ష కలిపి చూసింది. నొప్పి తగ్గిందని కొన్ని చెప్పినా, చేయించుకోవాలనో వద్దనో తేల్చి చెప్పేంత నాణ్యత వాటిలో లేదని ముగించింది. పెద్ద చిక్కు ఏమిటంటే, ఒంటి మీద కప్పు పడిందో లేదో మనిషికి తెలియకుండా దాచడం కష్టం. మందు బిళ్లకైతే ఉత్తుత్తి బిళ్ల ఇవ్వొచ్చు. ఉత్తుత్తి కప్పును తయారుచేయడం అంత తేలిక కాదు.

కాబట్టి దీన్ని నొప్పి తగ్గి కాళ్లు కదలడానికి దొరికే వెసులుబాటుగా వాడుకోండి. పరిగెత్తిన రోజు సాయంత్రం వద్దు. సోమవారం సాయంత్రమో మంగళవారమో, తేలికపాటి నుంచి మధ్యస్థ పట్టుతో (ఆ లెక్క తర్వాతి జవాబులో ఉంది), ఒక్కో చోట 5 నిమిషాలు, మొదటిసారైతే 3. కప్పులు తీశాక మంచం ఎక్కకుండా 20 నిమిషాలు నడవండి. ఈ నడక మానేసి కప్పుల మీదే ఆధారపడేవాళ్లకు మర్నాడు ఉదయానికి పట్టు మళ్లీ మొదటికొస్తుంది.

రెండు సందర్భాల్లో కప్పు మాట ఎత్తకండి. కఠినమైన వ్యాయామం తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే కండరం విరిగిపోయి ఆ వ్యర్థాలు కిడ్నీల మీద పడుతున్నట్టు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అమెరికా నుంచి గంటల తరబడి విమానంలో కూర్చుని వచ్చి, మర్నాడే పరుగుకు దిగేవాళ్లు దాన్ని మామూలు పట్టుగా పొరబడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వాలీబాల్ ఆడతాను. పంపుతో లాగే ప్లాస్టిక్ కప్పుల సెట్ ఆన్‌లైన్‌లో కొన్నాను. లోపలి కాగితంలో బొమ్మలే తప్ప ఎంత లాగాలో లేదు. తమ్ముడి సాయంతో ఇంట్లో పెట్టుకోవచ్చా? మొదటిసారి బొబ్బ లేచింది. – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పెట్టుకోవచ్చు. కానీ ముందుగా లెక్క తెలియాలి. లోపలి గాలి ఒత్తిడి బయటి కన్నా 100 నుంచి 300 మిల్లీబార్లు తగ్గితే తేలికపాటి పట్టు అంటారు, 300–500 అయితే మధ్యస్థం, 500 దాటితే గట్టిది. మీ పంపుకు మీటరు ఉండదు గనక ఉజ్జాయింపుగా చూస్తే, పూర్తిగా లాగిన పంపు ఒకటి రెండుసార్లు తేలిక, మూడు నాలుగు మధ్యస్థం, అయిదు దాటితే గట్టి. ఇందులో ఒక మెలిక ఉంది. పంపు ఒక్కసారి లాగే గాలి ఎప్పుడూ ఒకటే. పెద్ద కప్పులో అది కొంచెం, చిన్న కప్పులో అది చాలా. తొడ మీది పెద్ద కప్పుకు నాలుగుసార్లు లాగిన చేత్తోనే ముంజేతి మీది చిన్న కప్పుకూ నాలుగుసార్లు లాగితే బొబ్బ ఖాయం. మీకు జరిగింది ఇదే అయి ఉండొచ్చు, లేదా కప్పు పెట్టుకుని ఫోన్ చూస్తూ పావుగంట దాటించి ఉంటారు.

పెట్టే చోట ముందు సబ్బుతో కడిగి తుడవండి. వెంట్రుకలు ఒత్తుగా ఉంటే ట్రిమ్మర్‌తో కత్తిరించండి, బ్లేడుతో నున్నగా గీయొద్దు. అప్పుడే గీసిన చర్మం మీద కంటికి కనిపించని కోతలుంటాయి. కప్పు అంచు కూర్చునే చోట కొబ్బరినూనో వాజిలినో పలచగా రాయండి. కప్పు నెత్తి మీది వాల్వు మొనకు మాత్రం నూనె అంటకూడదు, అంటితే దుమ్ము పట్టి లీకవుతుంది. కప్పును చర్మానికి ఆనించి పంపు మూతిని వాల్వుకు తొడిగి ఒక్కసారి లాగి ఆగండి. పది సెకన్లు చూసి, అవసరమైతే రెండోది. చర్మం వేలి మందాన లేస్తే మొదటి రోజుకు చాలు. పంపును మెల్లగా మెలితిప్పుతూ తీయండి, లాగితే వాల్వు తెరుచుకుని గాలి పోతుంది.

మొదటిసారి 3 నిమిషాలు. చర్మం ఎలా స్పందించిందో మర్నాడు చూసి, తర్వాత 5, అలవాటయ్యాక 8 నుంచి 10. అంతకు మించి ఉంచినందువల్ల లాభం పెరగదు, బొబ్బలు మాత్రం పెరుగుతాయి. నిమిషానికొకసారి కప్పు లోపలికి చూడండి. గులాబీ, ఎరుపు, ముదురు ఎరుపు మామూలే. చర్మం మీద నీటి బిందువుల్లా మెరుపు కనిపిస్తే బొబ్బ మొదలైనట్టు, ఆ క్షణమే తీసేయాలి. లాగినట్టు, బిగువుగా అనిపించాలి. పదికి మూడు నాలుగు మించి నొప్పి ఉన్నా, తిమ్మిరి ఎక్కినా, పిక్క గుంజి కొంకర్లు పోయినా తీసేయండి. తీయడానికి వాల్వు మొనను పైకి లాగితే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, కప్పు తనంతట తాను వదులుతుంది. పీకకండి.

ఎక్కడ పెట్టాలంటే కండ బొద్దుగా ఉన్న చోటే. పిక్కకయితే మోకాలి మడత నుంచి నాలుగు వేళ్లు కిందికి వదిలి, లోపలి గుబ్బ మీద ఒకటి, బయటి గుబ్బ మీద ఒకటి. మోకాలి వెనుక గుంటలో పెద్ద రక్తనాళాలు, నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, అక్కడ ఎప్పుడూ వద్దు. గజ్జలు, చంక, మెడ ముందు భాగం కూడా అంతే. నడుముకైతే వెన్నుపూస గట్టు నుంచి రెండు వేళ్ల దూరం, ఇరువైపులా. భుజానికి మెడ మొదలు నుంచి భుజం కొసదాకా ఉన్న కండ మీద. స్మాష్‌లు కొట్టేవాళ్లకు పట్టేది సాధారణంగా అదే. రెక్క ఎముక అంచున కప్పు నిలవదు, ఎంత లాగినా ఓ పక్క గాలి దూరుతుంది. అలాంటి చోట మెత్తటి సిలికాన్ కప్పు నయం.

ఒక్కసారికి నాలుగు నుంచి ఆరు కప్పులు చాలు. వీపంతా నింపేస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి. అందుకే పరగడుపున వద్దు, కడుపు నిండా తిని కూడా వద్దు. కూర్చుని కాకుండా పడుకుని పెట్టించుకోండి. లేచేటప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని లేవండి. మచ్చ పోయేదాకా అదే చోట మళ్లీ పెట్టొద్దు. అందువల్ల చాలామందికి వారానికి ఒకసారే కుదురుతుంది.

లేచిన బొబ్బను పగలగొట్టకండి. శుభ్రమైన పలచటి కట్టు గుడ్డ (గాజ్) వదులుగా కట్టి వదిలేయండి. చీము పట్టినా, చుట్టూ ఎర్రగా వేడెక్కినా డాక్టరుకు చూపించండి. వాడిన కప్పులను సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, 70 శాతం ఆల్కహాల్ తో తుడవండి. మరిగే నీళ్లలో వేస్తే వాల్వు రబ్బరు పాడవుతుంది. అంచు కొంచెం పగిలినా ఆ కప్పును పారేయండి, అది చర్మాన్ని కోస్తుంది. జట్టంతటికీ ఒకే సెట్ తిప్పే అలవాటు కొన్ని మైదానాల్లో ఉంది. తామర, చర్మపు ఇన్ఫెక్షన్లు జట్టంతటికీ అలాగే తిరుగుతాయి.

ప్రశ్న: మచ్చ ఎంత నల్లగా వస్తే ఒంట్లో అంత విషం ఉన్నట్టని మా ఊళ్లో కప్పింగ్ చేసే ఆయన చెప్పారు. ఒలింపిక్ ఈతగాళ్లకూ అలాగే వచ్చాయి కదా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు చెప్తున్నది 2016 రియో ఒలింపిక్స్ సంగతి. మైకెల్ ఫెల్ప్స్ భుజం మీది ఊదారంగు వృత్తాలు టీవీల్లో కనిపించాక ప్రపంచమంతా ఈ పేరు మోగింది. అమెరికా జిమ్నాస్టు అలెక్స్ నాడోర్ ఒంటి మీదా ఆ గుర్తులుండేవి. ఫెల్ప్స్ అక్కడ అయిదు స్వర్ణాలు గెలిచాడు. దానికీ కప్పులకూ ముడి పెట్టాల్సిన పనిలేదు.

ఆ మచ్చ విషం కాదు, రక్తం. లాగుడుకు సన్నని కేశనాళికలు చిట్లి రక్తం చర్మం కిందికి చేరుతుంది. తలుపు సందులో వేలు పడితే కమిలేదీ ఇలాగే. ఎంతసేపు ఉంచారు, ఎంత గట్టిగా లాగారు, అక్కడి చర్మం ఎంత పలచన, మీ రక్తనాళాలు ఎంత సున్నితం అనేవే రంగును నిర్ణయిస్తాయి. రెండోసారి మచ్చ తేలికగా వస్తే విషం తగ్గినట్టు కాదు. నల్లగా రప్పించడమే లక్ష్యంగా పంపు కొట్టే చోటు నుంచి లేచి వచ్చేయండి. మచ్చ మామూలుగా పది రోజుల లోపు పోతుంది. ముదురు ఛాయ ఉన్నవాళ్లకు ఆ తర్వాత గోధుమ రంగు గుర్తు కొన్ని వారాలు నిలవొచ్చు, ఎండ తగిలితే ఇంకా ఎక్కువ. గాయం మానినప్పుడు గడ్డలా ఉబ్బే కెలాయిడ్ గుణం ఉన్నవాళ్లు గట్టి కప్పుల జోలికి పోవద్దు.

ప్రశ్న: నిలిపి ఉంచే కప్పులు కాకుండా జరిపే కప్పులు, కప్పు ఉండగానే వ్యాయామం చేయించడం చూశాను. ఆటగాళ్లకు ఏది మంచిది? – ఒక ఫిజియోథెరపీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఆటగాళ్లకు మా మొగ్గు కదలికతో కూడిన పద్ధతి వైపే. తొడ ముందు కండ మీద నిలువునా మూడు కప్పులు, మధ్యస్థం కన్నా తక్కువ పట్టుతో పెట్టండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, కప్పులున్న పై కాలి మోకాలిని మెల్లగా పదిసార్లు వంచి చాపించండి, తర్వాత లేచి గోడ పట్టుకుని సగం గుంజీలు ఎనిమిది. మొత్తం 3 నుంచి 4 నిమిషాలు. కప్పు పట్టి ఉన్న పొర కింద కండరం జారుతుంది, మనిషి కూడా తన కదలిక పెరిగిందని అక్కడికక్కడే గమనిస్తాడు. పెట్టక ముందు, తర్వాత మడమకూ పిరుదుకూ మధ్య ఎన్ని వేళ్ల దూరం ఉందో కొలిచి రాసుకోండి. తేడా లేకపోతే ఆ కండరానికి అది పనిచేయడం లేదన్నమాట, మరో మార్గం చూడాలి.

జరిపే పద్ధతికి సిలికాన్ కప్పు, ధారాళంగా నూనె. తేలిక పట్టుతో, గుండె వైపుకు, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున, ఒక్కో గీత మీద అయిదారు సార్లు. నూనె తక్కువైతే చర్మం ముడత పడి కప్పు ముందు నలుగుతుంది. తొడ బయటి పక్కనున్న గట్టి పట్టీ మీద మొదటిసారే బలంగా జరిపితే ఆటగాడు కేకపెడతాడు. అక్కడ కండ తక్కువ, దాని ముందూ వెనుకా ఉన్న కండల మీద పని చేయండి.

గాట్లు పెట్టి రక్తం తీయకుండా చేసే పొడి కప్పింగ్ డోపింగ్ నిషేధిత పద్ధతుల జాబితాలో లేదు. ఏ నూనె, ఏ మలాం వాడుతున్నారన్నదే చూసుకోవాలి. టెన్నిస్ ఆటగాడు యానిక్ సినర్ 2024 మార్చిలో క్లోస్టెబాల్ అనే నిషేధిత స్టెరాయిడ్‌తో డోపింగ్ పరీక్షల్లో చిక్కాడు. ఫిజియో తన వేలి గాయానికి కొట్టుకున్న స్ప్రేలోని ఆ మందు, చేతి తొడుగుల్లేకుండా చేసిన మసాజ్ ద్వారా అతని ఒంట్లోకి చేరిందని విచారణలో తేలింది, అయినా 2025లో మూడు నెలల నిషేధానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. లేబుల్ లేని సీసాలో తెచ్చే 'స్పెషల్ తైలం' రాష్ట్ర స్థాయి పైన ఆడేవాళ్లకు అక్కర్లేదు. ఉత్త కొబ్బరినూనె చాలు.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, బ్యాడ్మింటన్ నేర్చుకుంటోంది. కుడి భుజం నొప్పి. వచ్చే వారం టోర్నమెంటు, ముందు రోజు కప్పింగ్ చేయిస్తే ఫ్రీ అవుతుందని అకాడమీలో సీనియర్ పిల్లల తల్లులు అంటున్నారు. – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: చేయించకండమ్మా. పెరిగే వయసులో ఎముక కొసన పెరుగుదల పలక ఉంటుంది. రోజూ వందలసార్లు తల మీదుగా చేయి విసిరే పిల్లలకు భుజం పైభాగంలో అదే నొప్పి పెట్టొచ్చు. దూకే ఆటల్లో మోకాలి చిప్ప కింద బుడిపె దగ్గర వచ్చే నొప్పీ ఇలాంటిదే. కండరం పట్టిందనుకుని కప్పు పెడితే పైన కాసేపు హాయిగా ఉంటుంది, అమ్మాయి మళ్లీ అదే విసురు విసురుతుంది. ముందు ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. మామూలుగా విశ్రాంతి, వారానికి ఎన్ని స్మాష్‌లన్న లెక్క, రెక్క ఎముక చుట్టూ బలం పెంచే వ్యాయామాలతోనే తగ్గుతుంది. ఒక టోర్నమెంటు వదిలేయమని డాక్టరు చెప్తే వదిలేయండి.

ఇంకో సంగతి, పెద్దవాళ్లకైనా మ్యాచ్ ముందు రోజు మొదటిసారి ప్రయత్నించడం తప్పు. కమిలిన చోట కొందరికి మర్నాడు నొప్పిగా, సలుపుగా ఉంటుంది. అలవాటున్నవాళ్లు కూడా చివరి గట్టి సెషన్ పోటీకి మూడు రోజుల ముందే ముగించాలి.

ప్రశ్న: కబడ్డీలో రైడర్ మోకాలు నా తొడకు గట్టిగా తగిలింది. రెండు రోజులైంది. గడ్డకట్టిన రక్తాన్ని కప్పుతో లాగేయమంటున్నారు. – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: లోపల కండరం నలిగి రక్తం కారి ఉంది. దాని మీద వాక్యూమ్ పెడితే మూసుకుంటున్న నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి. గట్టి మర్దన, వేడి కాపడం కూడా ఇప్పుడు వద్దు. ఇలా నలిపిన తొడలో కొందరికి కండరం మధ్యన ఎముక లాంటి ముద్ద తయారవుతుంది. నెలలపాటు మోకాలు వంగదు.

మోకాలిని నొప్పి ఓర్చుకోగలిగినంత వంచి ఉంచి, బట్టలో చుట్టిన ఐస్ 15 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి, ఎలాస్టిక్ బ్యాండేజీ కట్టండి. వాపు దిగుతున్న కొద్దీ నొప్పి లేని మేరకు మోకాలు వంచి చాపండి. మోకాలు రెండో కాలితో సమానంగా వంగి, ముద్ద మెత్తబడ్డాకే, అదీ చుట్టుపక్కల కండల మీదే, తేలిక కప్పుల గురించి ఆలోచించొచ్చు. రెండు మూడు వారాల తర్వాత ముద్ద గట్టిపడి, వంగడం తగ్గుతూ వస్తే ఎక్స్‌రే తీయించండి. తొడ మొత్తం బిగిసి, పాదం తిమ్మిరెక్కి, నొప్పి గంటగంటకూ పెరిగితే ఉదయం దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పాతబస్తీలో మా స్నేహితులు హిజామా చేయించుకుంటారు. రక్తం తీసే పద్ధతి కండరాలకు ఇంకా బాగా పనిచేస్తుందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: యునానిలో రెండూ ఉన్నాయి. గాటు పెట్టకుండా చేసేది హిజామత్ బిలా షర్త్, గాట్లు పెట్టి రక్తం తీసేది హిజామత్ బిల్ షర్త్. ఆయుర్వేదంలో కూడా రక్తమోక్షణానికి కొమ్ము, సొరకాయ బుర్ర, జలగ వాడేవారని సుశ్రుతుడు చెప్పాడు. ముస్లిం కుటుంబాల్లో చాంద్రమాసం 17, 19, 21 తేదీల్లో చేయించుకునే ఆనవాయితీ ఉంది. అది వాళ్ల నమ్మకం, దాని మీద మాకు వాదన లేదు.

వ్యాయామం తర్వాతి నొప్పికి మాత్రం రక్తం తీయాల్సిన పనిలేదు. గాట్ల మీద చెమట, మైదానం దుమ్ము పడతాయి, రెండు మూడు రోజులు ఆట ఆగుతుంది. తరచూ చేయించుకుని ఇనుము తగ్గి రక్తహీనత వచ్చిన సందర్భాలున్నాయి. దూరపు పరుగులు తీసేవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అసలే ఇనుము బొటాబొటీగా ఉంటుంది. అయినా వేరే కారణానికి చేయించుకోవాలనుకుంటే రిజిస్టర్డ్ యునాని డాక్టరు దగ్గరికే వెళ్లండి. బ్లేడు, కప్పు రెండూ మీ ఎదుటే కొత్త ప్యాకెట్ చింపి తీయాలి. కప్పులు కడిగి మళ్లీ వాడుతున్నారంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి తలుపు తెరిచినట్టే.

క్లుప్తంగా మరికొన్ని

ఒంగోలు పాఠకుడికి: గుండెకు స్టెంట్ వేసి క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు) ఇస్తున్నారని రాశారు. డాక్టరు అనుమతి లేకుండా వద్దు. కప్పు కోసం మాత్ర ఆపడం అంతకన్నా వద్దు.

కరీంనగర్ పాఠకురాలికి: డెంగీ తగ్గి వారమే అయింది గనక ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయని రక్తపరీక్షలో తేలేదాకా ఆగండి. అప్పటికీ ముందు నడకతో మొదలుపెట్టండి.

విశాఖపట్నం నుంచి సోరియాసిస్ గురించి అడిగినవారికి: మచ్చలు లేని చోట పెట్టినా, నలిగిన చర్మం మీద కొత్త మచ్చలు పుట్టే స్వభావం ఆ జబ్బుకుంది. మానేయండి. పిక్కల మీద ఉబ్బిన సిరలున్నవాళ్లు, ఆ చోటే ఎగ్జిమా, ఎండకు కమిలిన చర్మం ఉన్నవాళ్లు కూడా మానాలి. గర్భిణులు పొట్ట, నడుముల మీద పెట్టించుకోరాదు.

డాలస్ నుంచి రాసిన పాఠకుడికి: నిప్పుతో వేడిచేసే గాజు కప్పులను ఇంట్లో ప్రయత్నించకండి. దూదికి స్పిరిట్ ఎక్కువైతే మండే చుక్క చర్మం మీద పడుతుంది, కప్పు అంచు కాలినా వృత్తాకారపు గాయమే. పంపు కప్పు లాగినా, నిప్పు కప్పు లాగినా కండరానికి తేడా లేదు.

కడప పాఠకుడు అడిగిన స్నానం సంగతి: చర్మం చిట్లకపోతే రెండు మూడు గంటల తర్వాత గోరువెచ్చటి నీళ్లతో చేయొచ్చు. ఆ రోజుకు ఆవిరి స్నానం, మచ్చల మీద మంట పుట్టించే బామ్ రాయడం వద్దు. ఎండలో ప్రాక్టీసు ఉంటే ఆ చోటు కప్పేలా చొక్కా వేసుకోండి. ఈతకు వెళ్లొచ్చు, బొబ్బ ఉంటే మాత్రం అది మానేదాకా కొలను దిగొద్దు.